అంగుళం అంగుళం కదిలే గని ఇంజను: ఆస్టెరిటీ శాడిల్ ట్యాంకు మోడల్, ఎనిమిది నెలలు నడిపాక

పెట్టె విప్పి ఇంజను బయటికి తీయగానే మా నాయన అడిగిన మొదటి మాట "టెండరేదిరా, పంపలేదా?" అని. ఆయన అట్ట అడగడంలో తప్పేం లేదు. పాకాల పక్కన పుట్టి పెరిగి, మీటర్ గేజి మీద వైజీ, వైపీ ఇంజన్లు బారెడు టెండర్లు లాక్కుంటూ పోవడం చిన్నప్పటి నుంచి చూసిన మనిషి, ఆ తర్వాత తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. బొగ్గింజను అంటే వెనకాల బొగ్గూ నీళ్లూ మోసే బండి ఒకటి ఉండి తీరాల్సిందే ఆయన లెక్కలో. నేను తెప్పించింది ట్యాంకు ఇంజను, దీనికి టెండరు ఉండదు, బొగ్గూ నీళ్లూ అన్నీ తన ఒంటి మీదే మోసుకుంటుంది అని చెబితే, కళ్లద్దాలు సర్దుకుని, దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి రెండో ప్రశ్న వేశాడు. "సిలిండర్లు కూడా లేవే!"

ఆ ప్రశ్నతో ఇది మంచి మోడలని నాకు సగం నమ్మకం వచ్చింది. ఎందుకంటే అసలు ఇంజనుకు కూడా సిలిండర్లు బయటికి కనపడవు, రెండూ ఫ్రేముల మధ్యన లోపల ఉంటాయి. బయట కనపడేదల్లా ఆరు చక్రాలనూ కలిపే రాడ్లే. దాన్ని అట్టే ఉంచారు, అందం కోసం లేనివి తగిలించలేదు.

ఏం కొన్నానో ముందు చెప్పేస్తాను. ఇంగ్లండు కంపెనీ ఒకటి చేసే హన్స్‌లెట్ ఆస్టెరిటీ ఇంజను మోడల్. ఓఓ స్కేలు, అంటే అసలుదానిలో 76వ వంతు, 16.5 మిల్లీమీటర్ల ట్రాక్ మీద 12 వోల్టుల డీసీతో నడుస్తుంది. అక్కడి జాతీయ బొగ్గు బోర్డు కాలం నాటి ఆకుపచ్చ రంగు తీసుకున్నాను. ఇంజను ధర, పోస్టేజీ, ఇక్కడ కట్టిన డ్యూటీ అన్నీ కలిపి నాకు పదిహేడు వేలు దాటింది. చిన్న మొత్తం కాదు. అందుకే ఎనిమిది నెలలు రోజూ నడిపి, ఒకసారి రిపేరు కూడా చేయించి, అప్పుడు రాస్తున్నాను.

శాడిల్ ట్యాంకు అంటే ఏమిటో తెలియనివాళ్లు గుర్రం మీద వేసే జీనును తలచుకోండి. బాయిలరు మీద రెండు పక్కలకూ వాలేటట్టు నీళ్ల ట్యాంకు వేసేస్తారు. డ్రైవరు నిలబడే క్యాబు వెనకాల చిన్న గూడులో బొగ్గు. ఇంతే ఇంజను. ఊటీ బండి ఎక్కినవాళ్లు ట్యాంకు ఇంజనును చూసే ఉంటారు, కొండెక్కేటప్పుడు పెట్టెల్ని వెనక నుంచి నెట్టేది అదే, కాకపోతే దానికి నీళ్లు పక్కల్లో ఉంటాయి. డార్జిలింగ్ బుల్లి ఇంజను మాత్రం అచ్చంగా జీను రకమే. టెండరు లేకపోవడం వల్ల డ్రైవరుకు వెనక్కి చూసినా దారి కనపడుతుంది, ఇంజనును తిప్పడానికి టర్న్‌టేబుల్ అక్కర్లేదు, ముందుకెంత బాగా పోతుందో వెనక్కీ అంతే. అన్నిటికన్నా ముఖ్యం, బొగ్గు బరువూ నీళ్ల బరువూ మొత్తం లాగే చక్రాల మీదే పడుతుంది కాబట్టి పట్టు బాగుంటుంది. దూరం పోలేదు, నిజమే. కానీ గని నుంచి రేవుకు, గని నుంచి మెయిన్ లైనుకు నాలుగైదు మైళ్లు పొద్దస్తమానం తిరిగే పనికి దూరం పోయే ఇంజను ఎందుకు?

ఈ జీను ట్యాంకులో ఒక చిక్కు కూడా ఉంది, మా నాయనకు అదే బాగా నచ్చింది. బాయిలరు మీద కూర్చున్న నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి. వేడెక్కితే మంచిదే కదా, బొగ్గు మిగులుతుంది అనిపిస్తుంది. కానీ బాయిలరులోకి నీళ్లు తోసే ఇంజెక్టరు పనిచేయాలంటే, అందులోకి వచ్చే ఆవిరి చల్లటి నీళ్లు తగిలి నీరైపోవాలి. ట్యాంకులో నీళ్లు మరీ వేడెక్కితే ఇంజెక్టరు పట్టదు. ఇది విని ఆయన "మీ అబ్బ కూడా ఎండాకాలంలో ఇంజెక్టరును తిట్టుకునేవాడు" అన్నాడు. మా అబ్బ, అంటే ఆయన నాయన, ఈ పాకాల లైన్లోనే ఫైర్‌మ్యాన్. ఈ మాట నేను అప్పటిదాకా ఎప్పుడూ వినలేదు.

అసలు ఇంజను సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ సైన్యానికి యార్డుల్లో పనిచేసే గట్టి ఇంజన్లు తొందరగా, తక్కువ ఖర్చులో కావాల్సి వచ్చి, లీడ్స్‌లోని హన్స్‌లెట్ కంపెనీ దీన్ని డిజైన్ చేసింది. మొదటిది 1943లో వచ్చింది. ఒక్క హన్స్‌లెట్ వల్ల కాక ఇంకో ఐదారు కంపెనీలకు కూడా ఆ పని పంచారు. యుద్ధం అయిపోయాక మిగిలినవాటిలో 75 ఇంజన్లను ఎల్ఎన్ఈఆర్ (లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే) కొనుక్కుంది, చాలావాటిని బొగ్గు గనులు తీసుకున్నాయి, అవి చాలక గనుల కోసం కొత్తగా కూడా చేస్తూ పోయారు. 1964 దాకా. మొత్తం 485. యుద్ధానికని పొదుపుగా చేసిన ఇంజను, యుద్ధం పోయాక దాదాపు ఇరవై ఏళ్లు తయారవుతూనే ఉందంటే దాన్ని నడిపినవాళ్లకు ఎంత నచ్చి ఉండాలి! దీని బరువు 48 టన్నులు, మూడు ఇరుసుల మీదే మొత్తం. చక్రం 4 అడుగుల 3 అంగుళాలు. ట్యాంకులో 1,200 గ్యాలన్ల నీళ్లు పడతాయి, అంటే వేసవిలో మన వీధికొచ్చే నీళ్ల ట్యాంకరంత.

మోడలును స్కేలు పెట్టి కొలిచాను. ఓఓలో అడుగుకు నాలుగు మిల్లీమీటర్లు కాబట్టి చక్రం 17 ఉండాలి, 17 ఉంది. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు అసలుదానిలో 11 అడుగులు, ఇందులో 44 మిల్లీమీటర్లు సరిగ్గా ఉంది. ట్యాంకు మీద రివెట్లు వేలితో తడిమితే తెలుస్తాయి, మరీ పైకి పొడుచుకు రాకుండా. పొగగొట్టం, డోము వంపులు ఫొటోల్లో చూసినట్టే ఉన్నాయి. క్యాబు లోపల గేజీలకు రంగు వేయలేదు, ఈ ధరకు వేసి ఉండాల్సింది. నేనే సన్న బ్రష్షుతో తెల్లచుక్కలు పెట్టుకున్నాను.

ఇప్పుడు నడక సంగతి, నేనీ రివ్యూ రాయడానికి అసలు కారణం. రైలు మోడళ్ల గురించి రాసేవాళ్లు ఎక్కువమంది రంగు గురించీ, వివరాల గురించీ, ఎన్ని పెట్టెలు లాగింది అన్నదాని గురించీ రాస్తారు. గని ఇంజనుకు అది కొలత కాదండీ. గని ఇంజను బతుకంతా నెమ్మదిగా పోవడమే. వ్యాగన్లను బొగ్గు నింపే చోటి కింద అంగుళం అంగుళం జరపాలి, పనివాళ్లు పట్టాల పక్కన నడుస్తుంటారు, లైను గతుకులు. కాబట్టి దాని మోడలు ఎంత నెమ్మదిగా పోగలదో చూడాలి. నేను ఒక మీటరు ట్రాక్ మీద గీతలు పెట్టి, ఫోన్లో స్టాప్‌వాచీ పెట్టి చూశాను. ఆగకుండా, ఎగరకుండా, మీటరు దూరం పోవడానికి 70 సెకన్లు తీసుకుంది. స్కేలు లెక్కన చూస్తే గంటకు నాలుగు కిలోమీటర్లు, అంటే మనిషి నడక. రాడ్లు ఒక్కొక్కటీ కిందికి దిగి పైకి లేవడం కంటికి కనపడుతుంది. మా నాయన స్టూలు లాక్కుని, కళ్లు పట్టాల మట్టానికి పెట్టి పది నిమిషాలు అట్టే చూస్తూ కూర్చున్నాడు.

పూర్తి కరెంటు ఇస్తే మాత్రం అదే మీటరు రెండున్నర సెకన్లలో దాటేస్తుంది. లెక్క వేస్తే గంటకు నూటపది కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. ఆ స్పీడు ఈ ఇంజనుకు ఎప్పుడూ లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. గేర్లు ఇంకాస్త తగ్గించి చేసి ఉంటే కంట్రోలరు (కరెంటు పెంచి తగ్గించే పెట్టె) గుండీ సగానికి పైన వృథా అయ్యేది కాదు. పిల్లలున్న ఇంట్లో ఇది గుర్తుపెట్టుకోండి, మా అక్క కొడుకు ఒకసారి గుండీ పూర్తిగా తిప్పేస్తే ఇంజను వంపులో పట్టాలు దిగి బల్ల అంచుదాకా పోయి ఆగింది.

సాఫు లైను మీద 18 ఖాళీ బొగ్గు వ్యాగన్లు లాగింది. నలభైకి ఒకటి ఎత్తు మీద, అంటే నలభై అడుగులు పోతే ఒక అడుగు ఎక్కే చోట, ఏడు వ్యాగన్ల దగ్గర చక్రాలు జారాయి. నాకు అది చాలు.

ఇక చిక్కులు. మొదటిది పార్సిల్ నుంచే. పెట్టె బాగానే ఉంది గానీ లోపల ప్లాస్టిక్ తొట్టిలో ఇంజను కొంచెం ఆడే సందు ఉండటంతో ముందు పక్క కాలు పెట్టే మెట్టు ఒకటి విరిగిపోయి అడుగున పడి ఉంది. రెండోది ఇంకా ఇబ్బంది పెట్టింది. పాయింట్లు, అంటే ఒక లైను రెండుగా చీలే చోట్లు, దాటేటప్పుడు ఇంజను గుటుక్కున ఆగిపోయేది, వేలితో తోస్తే కదిలేది. ఫొటోలు, వీడియో తీసి అమ్మినవాళ్లకు పంపాను. మూడు వారాలకు జవాబొచ్చింది, తిరిగి పంపండి చూస్తాం అని. ఇంగ్లండుకు తిరిగి పంపే ఖర్చు, మళ్లీ వచ్చేటప్పుడు డ్యూటీ గొడవ అంతా తలచుకుంటే నాకు టెన్షన్ పట్టుకుంది.

కారణం వెతికితే తేలిగ్గానే దొరికింది. పాయింటు మధ్యలో ఉండే ముక్క ప్లాస్టిక్, అక్కడ కరెంటు ఉండదు. పొడుగు ఇంజనైతే ముందు చక్రం ఆ ముక్క మీదుంటే వెనక చక్రం కరెంటు అందుకుంటుంది. దీనికేమో మొదటి చక్రానికీ చివరి చక్రానికీ మధ్య నలభై నాలుగు మిల్లీమీటర్లే, కాబట్టి ఆరు చక్రాలూ ఖచ్చితంగా కరెంటు తీసుకుంటేనే దాటగలదు. నా ఇంజనులో ఎడమవైపు మధ్య చక్రానికి తగలాల్సిన రాగి రేకు తగలడం లేదు. వెంట్రుకంత ఎడం. నా చేతికి అంత నిలకడ లేదు, మా నాయనకు చెయ్యి నిలకడ ఉన్నా చూపు ఆనదు.

గోవిందరాజస్వామి గుడి దగ్గర వాచీలు బాగుచేసే అన్న దగ్గరికి తీసుకెళ్లాను. "ఏంది సామీ ఇది, బొమ్మా?" అన్నాడు. "నడిచే మోడలన్నా, ఇక్కడ ఒక రేకు చక్రానికి తగలట్లేదు" అని చూపించాను. ఆయన కంటికి అద్దం బిగించుకుని, అడుగు పలక రెండు స్క్రూలు విప్పి, ట్వీజరుతో ఆ రేకును ఒకేసారి వంచకుండా మూడు సార్లు కొంచెం కొంచెంగా జరిపాడు. ప్రతిసారీ చక్రాన్ని వేలితో తిప్పి, రేకు చక్రాన్ని రాస్తుందా, మరీ అదిమిపెడుతుందా అని చూసుకున్నాడు. "ఎక్కువ నొక్కితే బ్రేకేసినట్టు అవుతుంది సామీ, ఊరికే తాకాల, అంతే" అన్నాడు. వంద రూపాయలు తీసుకున్నాడు. ఆరోజు నుంచి ఈరోజు దాకా ఇంజను ఒక్క పాయింటు మీద కూడా ఆగలేదు. ఇంత చిన్న పని పెట్టెలో పెట్టే ముందే ఎవరో ఒకరు చూసి ఉండాల్సింది.

మన ఊళ్లో ఇట్టాంటివి పెట్టుకునేవాళ్లకు రెండు మూడు మాటలు. మాది కొర్లగుంటలో మిద్దె మీద రేకుల గది, మే నెలలో మధ్యాహ్నం లోపల నిలబడలేం. ఇంజను ప్లాస్టిక్ ఒంపు తిరగలేదు గానీ ట్రాక్ ముక్కలు వేడికి సాగి ఒకచోట పైకి లేచాయి, అతుకుల దగ్గర కొంచెం సందు వదలాలని అప్పుడు తెలిసొచ్చింది. దుమ్ము ఇంకా పెద్ద శత్రువు. వారానికోసారి చక్రాలు తుడవాల్సిందే. మెడికల్ షాపులో తెచ్చిన స్పిరిట్ నాకు జిడ్డు మిగిల్చింది, సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్లు వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రావకం ఒక చిన్న సీసా తెచ్చుకున్నాక ఆ బాధ పోయింది. నూనె గేర్లకు ఒక చుక్క, సూది మొనతో. అంతకు మించితే పట్టాల మీదకు జారి చక్రాలు నిలవవు.

ఈ ఇంజనుకు వెనకాల ఏం తగిలించాలి అన్నదాని దగ్గర నేను చాలా రోజులు ఆలోచించాను. బొగ్గు వ్యాగన్లు అందరూ తగిలిస్తారు. నాకు మనుషుల బండి కావాలనిపించింది. మనవైపు గనుల రైలు అనగానే సింగరేణి ప్యాసింజర్ గుర్తొస్తుంది, కానీ అది రైల్వే వాళ్లు నడిపిన బండి. బ్రిటన్‌లో కొన్ని బొగ్గు కంపెనీలు తమ సొంత లైను మీద తమ సొంత ఇంజన్లతో ప్యాసింజర్ బండ్లు నడిపాయి. నార్తంబర్లాండ్‌లో ఆషింగ్టన్ బొగ్గు కంపెనీ నడిపింది. ఇంగ్లండు ఈశాన్య తీరంలో సౌత్ షీల్డ్స్ ఊరి నుంచి మార్స్‌డెన్ మీదుగా విట్‌బర్న్ గని దాకా సముద్రం ఒడ్డున ఒక చిన్న లైను ఉండేది. 1888లో మామూలు జనాన్ని కూడా ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. పెద్ద రైల్వేలు వాడి వదిలేసిన పాత పెట్టెలు, ఎక్కినవాళ్ల ఎముకలు కదిలేంత కుదుపు, అందుకే జనం దానికి 'మార్స్‌డెన్ రాట్లర్' అని పేరు పెట్టుకున్నారు. గడగడలాడే బండి అన్నమాట. పొద్దున షిఫ్టుకు పోయే గని పనివాళ్లు, సెలవు రోజుల్లో సముద్రం చూడ్డానికి పోయే కుటుంబాలు, అందరికీ అదే బండి.

ఈ లైను చరిత్రలో నాకు ఒళ్లు పులకరించే సంగతి ఒకటుంది. బ్రిటన్ గనులన్నీ 1947 జనవరి 1న ప్రభుత్వపరం అయ్యాయి. పెద్ద రైల్వేలు ప్రభుత్వం చేతికొచ్చింది 1948 జనవరి 1న. అంటే లండన్‌కు పోయే పెద్ద పెద్ద ఎక్స్‌ప్రెస్‌ల కన్నా సరిగ్గా ఏడాది ముందే ఈ గడగడలాడే గని బండి జనం ఆస్తి అయిపోయింది. 1953లో ప్యాసింజర్లను ఆపేశారు. గని కూడా 1968లో మూతపడింది.

నా బల్ల మీదున్న లైను ఆ రాట్లరుకు నకలు కాదు. నేను ఊహించుకున్న ఊరు, ఊహించుకున్న గని. కానీ దాని గాలి తగలాలని నాలుగు చక్రాల పాత రకం పెట్టెలు మూడు సెకండ్‌హ్యాండ్‌లో తెప్పించాను. వాటి కొక్కేలు ఈ ఇంజను కొక్కెంతో కలిసే ఎత్తులో లేవు, ఒక మిల్లీమీటరు తేడా. ఇది కూడా ఇంజను తప్పే, వెనక కొక్కెం కొద్దిగా కిందికి వాలి ఉంది, లోపల సన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి ఎత్తాల్సి వచ్చింది.

ఆ పెట్టెల్ని మా నాయన చేతికిచ్చాను. ముప్పై ఏళ్లు పెట్టెలు బాగుచేసిన చేతులు కదా. ఆయన లోపల సీట్లు చూసి, "ఇవి కుర్చీల్లాగా ఉన్నాయిరా, బొగ్గు మసితో వచ్చే మనిషిని వీటి మీద ఎవడు కూర్చోనిస్తాడు? చెక్క బల్లలు వెయ్యాల" అన్నాడు. నేను ఏమీ చెప్పకముందే ఆయనకు అది తెలిసిపోయింది. అగ్గిపుల్లలు చీల్చి, ఇసుక కాగితంతో రుద్ది, ఒక పెట్టెలో బల్లలు పెట్టాడు. బయట రంగును కూడా అట్ట ముక్కకు పొడి అద్దుకుని మసిబార్చాడు, తలుపుల పిడుల చుట్టూ ఎక్కువగా, చేతులు తగిలేది అక్కడే కాబట్టి. మిగిలిన రెండు పెట్టెలూ ఊళ్లో జనానికని శుభ్రంగా వదిలేశాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆరింటికి ఆయన షిఫ్టు బండి ఒకటి బయల్దేరుతుంది. గుండీ ఆయనే తిప్పుతాడు. నేను తిప్పితే బయల్దేరేటప్పుడు కుదుపు వస్తుందంటాడు, నిజమే వస్తుంది.

ఈ ఇంజను బదులు ఇంకేదైనా చూడొచ్చా అని అడిగేవాళ్లకు: నేను మొదట ల్యాంబ్టన్ ట్యాంకు కొందామనుకున్నాను. డరహం గనుల్లో తిరిగిన ఇంకాస్త పెద్ద ఇంజను, సండర్లాండ్‌లో రేవుకు పోయే సొరంగం ఎత్తు తక్కువని దాని క్యాబు పైకప్పును గుండ్రంగా కోసేసి ఉంటుంది, చూడగానే ముచ్చటేస్తుంది. అలాంటివి రెండు, 5, 29 నంబర్లవి, ఇప్పటికీ నార్త్ యార్క్‌షైర్ మూర్స్ రైల్వేలో భద్రంగా ఉన్నాయి. కానీ నా ట్రాక్ వంపులు బాగా ఇరుకు, బల్ల పొడవే ఏడడుగులు. ఇరుకు వంపుల్లో ఆస్టెరిటీ పొట్టితనం నాకు కలిసొచ్చింది. మీకు పెద్ద గది ఉంటే, ఎక్స్‌ప్రెస్ బండ్లు పరిగెత్తాలని ఉంటే ఇది కొనకండి, మీకు నచ్చదు. యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ మార్చుకుంటూ గంటలు గడిపే రకమైతే, లేదా రెండు పెట్టెలు తగిలించుకుని ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు పోయి రావడమే చాలనుకుంటే, పదిహేడు వేలకు నేను మళ్లీ ఇదే కొంటాను. పార్సిల్ రాగానే మాత్రం ఆరు చక్రాలకూ రేకులు తగులుతున్నాయో లేదో ముందు చూసుకోండి, తిరిగి పంపే గడువు దాటకముందే.

విరిగిన మెట్టుకు బదులు ఇంకొకటి పంపమని అమ్మినవాళ్లను రెండోసారి అడిగాను, ఇంకా రాలేదు. మా నాయన పాత డాల్డా డబ్బా రేకు కత్తిరించి ఒకటి చేస్తానని కూర్చున్నాడు. రెండు చేశాడు గానీ మందం ఎక్కువైందని ఆయనే పక్కన పడేశాడు. మూడోది సరిపోతే ఫొటో పెడతాను.